మూత మాత్రమే

నేను మూతలు అమ్ముతాను.
టీకూజాలు కాదు, మూతలే.
కిర్క్‌వాల్ వేలంలో ఒక అట్టపెట్టె, మూడు పౌండ్లు,
లోపల నలభై ఒక్క మూతలు, కూజా ఒక్కటీ లేదు.
వేలం వేసినతను నవ్వాడు, నేనూ నవ్వాను,
మా దీవి ఓడ దిగేదాకా పెట్టె మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

లోకం నిండా మూత పగిలిన కూజాలున్నాయి.
సాసరు బోర్లించి టీ కాచుకునేవాళ్ళు
రాత్రి పదకొండింటికి అడుగుతారు ఫోన్లో:
"లోపలి అంచు ఎంత? అరవై రెండా, అరవై మూడా?"
నిద్రపట్టనివాళ్ళందరూ మిల్లీమీటర్లలోనే మాట్లాడతారు.

రొట్టెపిండి తూచే తాసు మీద మూత పెడతాను.
డెబ్బై ఒకటి.
బుడగల కాగితం రెండు చుట్లు, ఎనభై రెండు.
అట్టపెట్టెతో, నూట నాలుగు.
వంద దాటితే ధర ఇంకో మెట్టెక్కుతుంది
కనుక పెట్టె మడతల అంచులు కత్తిరిస్తాను
గోళ్ళు తీసినట్టు. టేపు ఒక వరస ఊడబీకుతాను.
తొంభై తొమ్మిది.
పిండి నలుసేమైనా ఉందేమోనని ఊది మళ్ళీ చూస్తాను.
తొంభై తొమ్మిదే.

పోస్టాఫీసు తాసు నా తాసు మాట వినదు.
పోస్టాఫీసంటే కొట్టు వెనక ఒక కిటికీ,
ఇటు గొర్రెల మందు సీసాలు, అటు పుట్టినరోజు కార్డులు.
థోర్‌ఫిన్ డ్రెవర్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"నూట రెండు, ఇంగా" అంటాడు.
వానకి తడిసింది మరి అట్ట.
కూరగాయల బండి కాదు, కొసరడానికి.

"లోపలేముంది?"
"మూత."
"దేని మూత?"
"మూత మాత్రమే."
"విలువెంత?"

ఇక్కడే నాలుక తడబడుతుంది.
ఎక్కువ రాస్తే బీమా రుసుము నా లాభం తింటుంది,
తక్కువ రాస్తే సముద్రం తింటుంది.
కూజా లేని మూత విలువ నన్నడిగితే ఏం చెప్పను?
మూత లేని కూజా ఉన్నవాళ్ళని అడగాలి.
పద్దెనిమిది పౌండ్లు, అని రాస్తాను,
వయసు అడిగితే చెప్పినట్టు, కాస్త తడుముకుని.

నవంబరు గాలికి నాలుగు రోజులు ఓడ కదల్లేదు.
ఎస్టోనియాలో హాప్సాలు అనే ఊరికి, మైరె అనే ఆవిడకి,
నీలం గీత మూత, బొడిపె మీద చిన్న పెచ్చు ఊడింది.
జాడ నంబరు ఏదో గోదాము దాకా వెళ్ళి
అక్కడే చతికిలబడింది, అలిగిన దున్నపోతులా.

పరిహారం ఫారం: కొన్న ధరకు రుజువు జతచేయవలెను.
వేలం రసీదు తీశాను. పెట్టె, ఒకటి, మూడు పౌండ్లు.
నలభై ఒకటితో భాగించాను.
వాళ్ళూ భాగించారు.
చెక్కు వచ్చింది, అక్షరాలా, ఏడు పెన్నీలు మాత్రమే.
ఆ "మాత్రమే" చూసి నేనూ థోర్‌ఫిన్నూ
మందు సీసాలు గలగలలాడేట్టు నవ్వాం.
మైరెకి పద్దెనిమిదీ వెనక్కి పంపింది మాత్రం
నా కొంగున ముడేసుకున్న డబ్బులోంచే.

ఏప్రిల్లో ఫోటో వచ్చింది.
పార్సిల్ చేరిందట. ఐదు నెలలు,
మూడు దేశాల ముద్రలు, ఒక మూల నలిగి.
మూతకి గీతైనా పడలేదు.
డబ్బు మళ్ళీ పంపింది, చిల్లరతో సహా.
కింద ఒక్క వాక్యం:
"పట్టలేదండీ, ఒక మిల్లీమీటరు పెద్దది."

గంతకు తగ్గ బొంత అంటారు గాని
ఫోటోలో మూత కిటికీ గట్టు మీద వెల్లకిలా ఉంది,
గుడ్డు పెట్టుకునే కప్పులోకి బొడిపె దింపుకుని.
అందులో రెండు గుండీలు, ఒక తాళంచెవి.
పక్కన కూజా మీద సాసరే.
వెనక్కి పంపనంది.

నేనే తప్పు కొలిచానా,
చలికి ఆ కూజాయే ముడుచుకుందా?
దీపం దగ్గరికి లాక్కుని
మిగిలిన ఇరవై ఆరింటినీ మళ్ళీ కొలుస్తున్నాను.
తొమ్మిదోది, అరవై రెండు.
మైరెకి చెప్పాలా వద్దా అని
తాసు మీద పిండి తుడుస్తున్నాను.